ల్యాప్ స్టీల్ గిటారుకి ఏ కుర్చీ? ఎంత ఎత్తు?

పికప్ ఏది, ట్యూనర్లు ఎలా ఉన్నాయి, ఆంప్ ఎన్ని వాట్లు అని పది మందిని అడిగి మరీ ల్యాప్ స్టీల్ గిటారు, అంటే ఒళ్లో పడుకోబెట్టి వాయించే గిటారు, కొంటాం. ఇంటికి తెచ్చాక మాత్రం వరండాలో కనబడిన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంటాం. కొన్నాళ్లకి భుజం పట్టేస్తుంది, నడుము లాగుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. వాద్యం బరువని గిటారు మీద నెపం వేస్తాం. ఆరు తీగల ల్యాప్ స్టీల్ మామూలుగా మూడు నాలుగు కిలోలు ఉంటుంది. ఆ మాత్రం బరువు తొడలకి ఓ లెక్కా?

మామూలు గిటారు వాయించేవాళ్లకి కుర్చీ కాస్త అటూ ఇటూ అయినా గడిచిపోతుంది. భుజానికి పట్టీ ఉంటుంది, ఒంటికి ఆనించుకుంటారు, ఎడమ చెయ్యి గిటారు మెడను పట్టుకునే ఉంటుంది. ల్యాప్ స్టీల్‌ని పట్టుకునే చెయ్యే లేదు. ఎడమ చేతిలో తీగల మీద జరిపే స్టీలు బారు (కడ్డీ), కుడి చేతి వేళ్లకి తీగలు మీటే పిక్కులు. గిటారు రెండు తొడల మీద పడుకుని ఉంటుంది, అంతే. తొడలు ఎటు వాలితే అదీ అటే వాలుతుంది. తొడలు ఎటు వాలాలో తేల్చేది కుర్చీ. అందుకే కుర్చీ మెత్తగా ఉందా అన్నది తర్వాతి మాట. ఒడి మట్టంగా నిలుస్తోందా అన్నది మొదటి మాట. సౌకర్యం అనేది చాలావరకు దాని వెనకే వస్తుంది.

ఈ వాద్యం విషయంలో మనకి రెండు రకాల కూర్చునే పద్ధతులు కలగలిసిపోయి ఉన్నాయి. హవాయిలో 1880ల చివర్లో ఈ వాదన పద్ధతికి రూపమిచ్చినవాడిగా జోసెఫ్ కెకూకు పేరు చెబుతారు. ఆయనా, ఆయన తర్వాతి హవాయి వాళ్లూ కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని వాయించినవాళ్లే. 1930ల మొదట్లో వచ్చిన రికెన్‌బాకర్ కంపెనీ ల్యాప్ స్టీల్ ‘ఫ్రయింగ్ పాన్’ కూడా కుర్చీ మీద వాయించేదే. బాగా చలామణీలోకి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారు అదే అని చాలామందికి తెలియదు. మన దేశానికొస్తే, 1940లలో కలకత్తాలో ఉన్న హవాయి కళాకారుడు టౌ మో లాంటివాళ్ల వల్ల ఈ నాదం ఇక్కడ నాటుకుంది. వాన్ షిప్లీ, హజారా సింగ్, సునీల్ గంగూలీ సినిమా పాటల బాణీలు దీని మీద వాయించి రికార్డులిచ్చారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దీన్ని హిందుస్తానీ కచేరీకి తెచ్చాడు. విశ్వమోహన్ భట్ గిటారుని మార్చి మోహన వీణ చేసుకున్నాడు. కాబ్రా, భట్ లాంటి కచేరీ వాళ్లు చాప మీద బాసింపట్టు వేసుకుని వాయించారు. ఇప్పుడు ఒంగోల్లోనో కావలిలోనో నేర్చుకునే కుర్రాడు ఫోన్లో ఒక వీడియోలో కుర్చీ చూస్తాడు, ఇంకో వీడియోలో చాప చూస్తాడు. రెండింటికీ సూత్రం ఒకటే గానీ కొలతలు వేరు.

ఎత్తు లెక్క

ముందు కుర్చీ సంగతి. వాయించేటప్పుడు వేసుకునే చెప్పులతోనో, లేకుండానో గట్టి బల్ల మీద కూర్చోండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. మోకాలి వెనక మడత దగ్గర్నించి నేల వరకు టేపు పెట్టి కొలవండి. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది 15 నుంచి 18 అంగుళాల మధ్య వస్తుంది. కూర్చున్నాక కుర్చీ ముందు అంచు ఎంత ఎత్తులో ఉంటుందో అది ఈ కొలతకి దగ్గరగా ఉండాలి. ‘కూర్చున్నాక’ అన్నది గమనించండి. నాలుగు అంగుళాల స్పాంజి మెత్త ఒంటి బరువుకి సగానికి సగం అణిగిపోతుంది. ఖాళీ కుర్చీని కొలిచి కొంటే లెక్క తప్పుతుంది.

కుర్చీ దీనికంటే తక్కువైతే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి. గిటారు పొట్ట మీదకి జారుకొస్తుంది. మోచేతులు వెనక్కి పోతాయి, భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి, నడుము గూనిగా వంగుతుంది. ఎక్కువైతే మడమలు లేస్తాయి, తొడలు ముందుకి వాలతాయి, గిటారు మోకాళ్ల వైపు జారుతుంది. జారకుండా ఆపడానికి మనకి తెలీకుండానే కాలివేళ్ల మీద బిగబట్టుకుని కూర్చుంటాం. పిక్కల నొప్పి అక్కణ్ణుంచి వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. భుజాలు లేస్తున్నాయి కాబట్టి ఇంకో దిండు వేసుకుని ఎత్తు పెంచితే సరి అనుకుంటారు. కీబోర్డుకి అది పనిచేస్తుంది, ఎందుకంటే కీబోర్డు స్టాండు ఉన్నచోటే ఉంటుంది, మనం మాత్రం లేస్తాం. ల్యాప్ స్టీల్ మన ఒళ్లోనే ఉంది. మనం రెండు అంగుళాలు లేస్తే అదీ రెండు అంగుళాలు లేస్తుంది. తొడలు మట్టంగా ఉన్నంతవరకు మోచేతికీ తీగలకీ మధ్య దూరం మారదు. ఎత్తు మారిస్తే మారేది తొడల వాలు మాత్రమే. తొడలు మట్టంగానే ఉన్నాయి, అయినా భుజాలు లేస్తున్నాయంటే తప్పు కుర్చీది కాదు. గిటారు మందం చూసుకోవాలి. చెక్క దిమ్మ లాంటి ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్ నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉంటుంది, మోచేతులు హాయిగా వేలాడుతుండగానే వేళ్లకి అందుతుంది. మామూలు గిటారుకి నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఎత్తు పెంచి హవాయి గిటారుగా మార్చుకున్నదైతే మందం దాదాపు పది సెంటీమీటర్లు. దానికి ముంజేతులు పైకెత్తాల్సిందే. అలాంటి బోలు గిటారు వాయించేవాళ్లు కుర్చీని అర అంగుళం, ముప్పావు అంగుళం పెంచుకుని తొడలు కొంచెం ముందుకి వాలనిస్తే ఉపశమనం ఉంటుంది. కింద జారని మ్యాట్ తప్పదు.

పెడల్ వచ్చి లెక్క మార్చేస్తుంది

చాలామంది కుర్చీ బాగానే కొలుచుకుంటారు, పాదంతో ధ్వని పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్ సంగతి మర్చిపోతారు. స్టీల్ గిటారులో స్వరం సన్నగిల్లుతుంటే పెడల్‌ని మెల్లగా తెరుస్తూ దాన్ని సాగదీస్తాం. అంటే కుడి పాదం పాట పొడవునా కదులుతూనే ఉంటుంది. కదిలే కాలు ఒంటి బరువు మొయ్యలేదు. ఆ బరువంతా ఎడమ కాలూ కుర్చీ కలిసి మొయ్యాలి. పైగా పెడల్‌కి సొంత ఎత్తు ఉంది. పాదం దాని మీద పెట్టగానే కుడి మోకాలు ఒకటిన్నర, రెండు అంగుళాలు లేస్తుంది. ఎడమది కిందే ఉండిపోతుంది. గిటారు ఎడమ పక్కకి ఒరుగుతుంది, దానికి సర్దుకోవడానికి మనం నడుముని కుడికి వంచుతాం. రెండు పాటలకి ఏమీ అనిపించదు. గంట సాధన చేస్తే కుడి పక్క నడుము కలుక్కుమంటుంది.

దీనికి పరిష్కారం ఖరీదైంది కాదు. ఎడమ పాదం కింద పెడల్ అంత ఎత్తున్న పలక పెట్టండి. కుర్చీని కూడా అంతే పెంచండి. మోకాలి మడత ఎత్తు 17 అంగుళాలు, పెడల్ 2 అంగుళాలు అనుకుంటే కుర్చీ 19 అంగుళాలు ఉండాలి. బజార్లో దొరికే మామూలు కుర్చీ పెడల్ వాయింపుకి ఎందుకు పొట్టిగా అనిపిస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. ఒంగోలు చుట్టుపక్కల వాళ్లకి ఈ పలక వెతుక్కోవాల్సిన పని లేదు. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ షెడ్ల బయట పడి ఉండే ముక్కల్లో రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యన, కింద రబ్బరు షీటు అంటిస్తే చాలు. బరువుకి కదలకుండా పడి ఉంటుంది. చెక్క పలకైతే జరుగుతూ ఉంటుంది.

అదే గ్రానైటు ఇంట్లో నేలగా ఉంటే మాత్రం శత్రువే. మన ఇళ్లలో ఇప్పుడు గ్రానైటో, నున్నటి టైల్సో లేని గది తక్కువ. పెడల్ ముందుకి జారుతుంది, దాన్ని అందుకోవడానికి కాలు చాస్తాం, కాలు చాచగానే తొడ వాలిపోతుంది. కుర్చీ కాళ్లకి రబ్బరు బుష్‌లు వేసి, పెడల్ కింద గడప దగ్గర వేసే రబ్బరు పట్టా వేస్తే సగం అవస్థ తగ్గుతుంది. మోకాలికి సరిగ్గా కిందో, రెండు మూడు వేళ్లు ముందుకో పెడల్ ఉండాలి. దూరంగా పెడితే ఎంత మంచి కుర్చీ అయినా వృథా.

శ్రుతికీ కుర్చీకీ సంబంధం

ల్యాప్ స్టీల్‌లో వేలు ఫ్రెట్ మీద నొక్కదు. ఫ్రెట్‌లు ఇక్కడ స్వరస్థానాలు చూపే వట్టి గీతలు. బారు గీతకి సరిగ్గా పైన ఉంటేనే స్వరం నిలుస్తుంది. తీగలు ఆ గీతలకి దాదాపు సెంటీమీటరు ఎత్తున ఉంటాయి. కళ్లు బారుకి నిటారుగా పైన ఉన్నప్పుడు బారూ గీతా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే ఉన్నచోట కాక ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తాయి.

ఎంత తేడా వస్తుందో లెక్క కట్టొచ్చు. కూర్చున్నప్పుడు కళ్లు తీగలకి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయనుకుందాం. తల 12 సెంటీమీటర్లు పక్కకి జరిగితే బారు స్థానం 2 మిల్లీమీటర్లు మారినట్టు కనిపిస్తుంది. 22.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) గిటారులో 12వ గీతకీ 13వ గీతకీ మధ్య ఉండేదే 16 మిల్లీమీటర్లు. అంటే అరస్వరంలో ఎనిమిదో వంతు. ఒంటరిగా వాయిస్తే చెవి క్షమిస్తుంది. పక్కన కీబోర్డో, శ్రుతిపెట్టో ఉంటే బయటపడిపోతుంది. మొదటి గీత దగ్గర దూరాలు దీనికి రెట్టింపు ఉంటాయి కాబట్టి అక్కడ అంత ప్రమాదం లేదు. పన్నెండో గీత, ఆపై గీతల దగ్గర వాయించేవాళ్లకే ఈ బాధ.

తల 12 సెంటీమీటర్లు ఎందుకు జరుగుతుంది? చేతుల కుర్చీ వల్ల. గిటారు పొడవు దాదాపు 80 సెంటీమీటర్లు. కుర్చీ చేతుల మధ్య ఖాళీ అందులో సగానికి కొంచెం ఎక్కువ. గిటారు అక్కడ అడ్డం తగులుతుంది. దాన్ని తప్పించడానికి గిటారుని ఒక పక్కకి నెట్టుకుంటాం, లేదా ఏటవాలుగా పెట్టుకుంటాం. ఇక ఆ గిటారు ఎప్పుడూ మన ఎదురుగా ఉండదు. నేర్చుకునేవాళ్లు శ్రుతి తప్పుతోందని బారు మారుస్తారు, తీగలు మారుస్తారు. నన్నడిగితే ముందు కుర్చీ చేతులు చూడమంటాను.

ఇంట్లో ఉన్నవాటిలో ఏది?

ప్లాస్టిక్ కుర్చీ గురించి చెప్పాల్సింది చాలానే ఉంది, ఎందుకంటే అందరి ఇంట్లో ఉన్నది అదే. దాని సీటు వెనక్కి వాలి ఉంటుంది. జారగిలబడి పేపరు చదువుకోవడానికి అలా చేశారు. వెనక్కి కూర్చుంటే తుంటి కిందికి, మోకాళ్లు పైకి పోతాయి. ముందు అంచున కూర్చుంటే కాళ్లు వంగి లోపలికి ఊగుతాయి. చేతులున్నది అసలే వద్దు. చేతుల్లేని రకం దొరికితే దాని వెనక భాగంలో దుప్పటి మడత పెట్టి సీటుని మట్టం చేసుకోవచ్చు. తాత్కాలికంగా పర్వాలేదు.

భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ చాలా ఇళ్లలో ఉన్నవాటన్నిటికంటే మేలు. చేతులుండవు, సీటు గట్టిగా మట్టంగా ఉంటుంది, ఎత్తు 17, 18 అంగుళాల దగ్గర ఉంటుంది. దాని మీద అంగుళంన్నర గట్టి ఫోమ్ వేస్తే నేను ఇంకేమీ వెతకను.

ఆఫీసు చక్రాల కుర్చీ ఎత్తు మార్చుకోవచ్చన్న ఆశతో చాలామంది అటు పోతారు. చక్రాలు, తిరగడం, ఊగడం అన్నీ ఈ వాద్యానికి పనికిరానివే. పెడల్ తొక్కిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి పోతుంది. సోఫా సంగతి చెప్పనక్కర్లేదు. నులక మంచం నడిమి భాగం జోలెలా దిగిపోతుంది, అంచున కూర్చుంటే పట్టె తొడ కింద ఒత్తుకుని రక్తం ఆడదు. పల్లెల్లో పాత ఇళ్లకుండే అరుగు మాత్రం, నవ్వులాటకి కాదు, గట్టిదనంలోనూ మట్టంలోనూ చాలా మంచి ఆసనం. ఎత్తు మన కాలికి కుదిరితే అదృష్టం, కుదరకపోతే కాళ్ల కింద పీట వేసుకోవడమే.

డ్రమ్స్ వాయించేవాళ్ల గుండ్రటి స్టూలు ఎత్తు మార్చుకోవచ్చు. కాళ్లు జంట పట్టీలతో గట్టిగా ఉన్నది అయితే బాగుంటుంది. తిరగకుండా లాక్ అవుతుందో లేదో కొట్లోనే చూసుకోండి. కీబోర్డు బెంచీ వెడల్పుగా ఉండి తొడలు పరుచుకోవడానికి వీలిస్తుంది, కాకపోతే చవకరకం వాటికి అడ్డకాళ్ల బోల్టు వదులై కిర్రుమంటుంది. చర్చిలో ఆరాధన జరుగుతుండగా మైకు పక్కన ఆ కిర్రు ఎంత గట్టిగా వినబడుతుందో వాయించేవాళ్లకే తెలుసు.

మెత్త, బట్ట, చెమట

గట్టి ఫోమ్ మంచిది. బూరుగు దూది దిండు మొదటి వారం బాగుంటుంది, తర్వాత ఉండలు కట్టి ఒక పక్క ఎత్తవుతుంది. ఆ పక్కకి గిటారు ఒరుగుతుంది. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చున్నా ఇదే జరుగుతుంది, తీసి పక్కన పెట్టండి.

నెల్లూరు ఎండల్లో రెక్సిన్ సీటు మీద అరగంట కూర్చుంటే ప్యాంటు అంటుకుపోతుంది. రెక్సిన్ మీద నూలు తువ్వాలు పరిస్తే చెమటా పీలుస్తుంది, జారడమూ ఆగుతుంది. ఒళ్లో కూడా అంతే. పాలియెస్టర్ ప్యాంటు, పట్టు చీర, నున్నటి నైటీ మీద గిటారు నిలవదు. లుంగీ అయితే రెండు తొడల మధ్య జారిపోయి గిటారు వెనక భాగాన్ని ఒంటి చెమటకి వదిలేస్తుంది. వంటింటి అరల్లో పరిచే వల లాంటి రబ్బరు మ్యాట్ ఒక ముక్క కత్తిరించుకుని గిటారు కింద వేసుకోండి. వార్నిష్ మీద మచ్చ పడకుండా మ్యాట్‌కీ గిటారుకీ మధ్య పల్చటి నూలు గుడ్డ ఉంచి, వాయించడం అయ్యాక రెండూ తీసెయ్యండి.

చాప మీద వాయిస్తే

బాసింపట్టులో తొడలు మట్టంగా ఉండవు. మోకాళ్లు నేలకి ఆనకుండా గాల్లో లేచి ఉండేవాళ్లకి గిటారు పొట్ట మీదకే వస్తుంది. మూడు నాలుగు అంగుళాల ఎత్తున మడిచిన దుప్పటి తుంటి కింద మాత్రమే వేసుకుని, మోకాళ్లని దాని కంటే కిందికి దిగనిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్‌కి ఇది నేను సిఫారసు చెయ్యను. పెడల్ ఉండదు, పైగా సన్నటి దిమ్మ కాళ్ల మధ్యకి దిగిపోతుంది. వెడల్పాటి బోలు గిటారుతో రాగం వాయించేవాళ్లకి ఇది సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సంప్రదాయం పేరుతో పట్టుబట్టాల్సిన అవసరం లేదు. కాలు తిమ్మిరి లేచి నడిచినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి, మెత్తలు మార్చుకుంటూ కూర్చోకూడదు.

చేయించుకుంటే

వడ్రంగి చేత స్టూలు చేయించుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన దారి. ఉదయగిరి వాళ్ల చెక్క గరిటెలంత నాజూకు పనేమీ కాదిది. సీటు వెడల్పు 16 అంగుళాలు, లోతు 13. లోతు ఎక్కువైతే మోకాలి వెనక ఒత్తుతుంది, అక్కడ రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. ముందు అంచు గుండ్రంగా తోపడా పట్టించమని గట్టిగా చెప్పండి, లేకపోతే నలుచదరంగా కోసి ఇచ్చేస్తారు. ఎత్తు మీ మోకాలి కొలత, పెడల్ వాడితే దాని ఎత్తూ కలిపి, మెత్త అణిగాక ఉండే మందం తీసేసి చెప్పాలి. పిల్లల కోసమైతే పెద్దవాళ్ల ఎత్తుకే చేయించి పాదాల కింద పీట వెయ్యండి, ఎదిగేకొద్దీ పీట మందం తగ్గించొచ్చు. వెనక ఆనుకునే పలక వాయించడానికి అక్కర్లేదు. ఆనుకుంటే గిటారు వాలుతుంది. పాటకీ పాటకీ మధ్య ఆనుకోవాలనిపిస్తే గోడ పక్కన వేసుకోవచ్చు. ఎంత బాగా కుదిరిన స్టూలైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాల్సిందే.

కుదిరిందో లేదో చూడ్డానికి తాపీ మేస్త్రీ రసమట్టం అక్కర్లేదు, గుండ్రటి స్టీలు బారే చాలు. వాయించే భంగిమలో కూర్చుని, పెడల్ మీద పాదం పెట్టి, బారుని తీగల మీద అడ్డంగా ఉంచి చెయ్యి తియ్యండి. ఉన్నచోటే నిలిస్తే ఒడి మట్టం. నట్ వైపు దొర్లితే కుడి తొడ ఎత్తుగా ఉంది, ఎడమ పాదం కింద పలక మందం చాలలేదు. కుడి చేతి వైపు దొర్లితే పలక ఎక్కువైంది. పడిపోకుండా కింద అరచెయ్యి అడ్డం పెట్టుకోండి, బారు రెండొందల గ్రాముల దాకా ఉంటుంది, కాలి మీద పడితే గుర్తుండిపోతుంది.

ప్రోగ్రాములకి పోయినప్పుడు ఈ స్టూలు మోసుకుపోవడం అన్నిసార్లూ కుదరదు. ఫంక్షన్ హాల్లో ఉండేవి ప్లాస్టిక్ కుర్చీలే. చేతుల్లేనివి రెండు అడిగి ఒకదాంట్లో ఒకటి దింపి కూర్చోండి. ఒకటిన్నర, రెండు అంగుళాల ఎత్తు కలిసొస్తుంది, పెడల్‌కి కావలసింది దాదాపు అంతే. రెండు జతల కాళ్లు కలిసి ఊగడం కూడా తగ్గుతుంది. చేతులున్నవి తప్ప లేవంటే వేదిక వెనక వంటవాళ్ల దగ్గర చెక్క స్టూలు ఏదైనా ఉందేమో సౌండ్ చెక్‌కి ముందే కనుక్కోండి, భోజనాలు మొదలయ్యాక అది దొరకదు.